కొండ లేని నేలలో దారి నేర్పే విద్య

సర్వే ఆఫ్ ఇండియా ముద్రించే 1:50,000 టోపోషీట్లలో కాంటూరు రేఖలు సాధారణంగా 20 మీటర్ల ఎడంతో ఉంటాయి. నేల ఎత్తు 20, 40, 60 మీటర్లకు చేరిన చోటల్లా ఒక గీత పడుతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి డెల్టా నేల 20 మీటర్లకు లోపే. అందువల్ల గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, మధ్య డెల్టా నెత్తిన ఉన్న ఆత్రేయపురం మండలంలో గానీ, అక్కడి నుంచి సముద్రం దాకా పరుచుకున్న కోనసీమలో గానీ నేల ఎత్తుపల్లాలను చూపే గీత ఆ పటం మీద కనిపించదు.

పటం చదవడం, దిక్సూచి పట్టడం, తెలియని నేల మీద గమ్యం చేరడం నేర్పే పుస్తకాలు దాదాపు అన్నీ కొండ నేలను ఎదురుగా పెట్టుకుని రాసినవే. శిఖరం, లోయ, కనుమ, కొండచరియ పటంలో ఎలా కనిపిస్తాయో, కంటికి ఎలా కనిపిస్తాయో పోల్చుకోవడమే వాటిలో సగం పాఠం. ఎన్‌సీసీ ‘బి’, ‘సి’ సర్టిఫికెట్ల కోసం మ్యాప్ రీడింగ్ చదివే కోనసీమ విద్యార్థి ఆ సగాన్ని బొమ్మల్లో చూసి, పరీక్షలో రాసి, అక్కడితో వదిలేస్తాడు. బడి గేటు దాటితే ఆ పాఠంతో పోల్చుకోవడానికి ఏమీ కనబడదు.

లోపం విద్యార్థిది కాదు, నేలదీ కాదు. శిక్షణను రూపొందించే క్రమంలోనే ఉంది. దారి నేర్పే శిక్షణ ఏ నేల మీద జరుగుతుందో ఆ నేల నుంచే పాఠాల వరస పుట్టాలి. ఊతంగా ఇచ్చిన పరికరాలను ఒక్కొక్కటిగా తీసేసినా విద్య విద్యార్థి బుర్రలో నిలవాలి. పూతరేకులకు పేరుపడ్డ ఆత్రేయపురం చుట్టుపక్కల నేలను ఆధారం చేసుకుని అలాంటి శిక్షణ ఎలా ఉండాలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

గోపురం ఎక్కిన థియోడలైట్

నేల కొలిచే విద్యను ఒక క్రమంలో నేర్పాలన్న ఆలోచన మన తీరానికి పాతదే. ఈస్టిండియా కంపెనీ తరఫున కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో సర్వేలు చేసిన మైకేల్ టాపింగ్ సూచన మీద 1794లో మద్రాసులో ఒక సర్వే పాఠశాల మొదలైంది. తొలి జట్టులో ఎనిమిది మంది కుర్రవాళ్లు. ఆ పాఠశాలే పెరిగి గిండీ ఇంజినీరింగ్ కళాశాల అయింది. టాపింగ్ మాత్రం 1796లో మచిలీపట్నంలో కన్నుమూశాడు. ఆ బడిలో తయారైనవారు తర్వాత కాలిన్ మెకంజీ నడిపిన మైసూరు సర్వేలో సహాయకులుగా పనిచేశారు. గదిలో లెక్కలు నేర్పడం, తర్వాత పరికరం చేతికిచ్చి అనుభవజ్ఞుడి వెంట పొలాల మీదికి పంపడం అన్న ఆనాటి పద్ధతి సారాంశంలో ఇప్పటికీ మారలేదు. హైదరాబాద్ ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా నడిపే శిక్షణ సంస్థలోనూ గది పాఠం, క్షేత్ర పాఠం జోడుగానే సాగుతాయి.

డెల్టా నేల పెట్టే ఇబ్బంది కూడా ఆ తరానికి బాగా తెలుసు. 1802లో మద్రాసు దగ్గర మహా త్రికోణమితి సర్వేకు నాంది పలికిన విలియం లాంబ్టన్, కావేరి డెల్టాకు చేరేసరికి చిక్కుల్లో పడ్డాడు. ఎక్కి చూడటానికి గుట్ట లేదు. ఎటు చూసినా చెట్లు చూపును ఆపేశాయి. చివరికి గుళ్ల గోపురాలే కొండలయ్యాయి. 1808లో తంజావూరు పెద్దగుడి మీదికి కోణాలు కొలిచే థియోడలైట్‌ను తాళ్లతో ఎక్కిస్తుండగా, సుమారు అర టన్ను బరువున్న ఆ యంత్రం గోడకు కొట్టుకుని దెబ్బతింది. పల్లపు నేలలో ఎత్తు అనేది మనిషి కట్టుకున్నదే. గోపురం, వంతెన, గట్టు, ఈ రోజుల్లో సెల్ టవరు, ఇవే అక్కడి శిఖరాలు. పాఠ్యప్రణాళిక రాసేవాడు ఈ సంగతిని మొదటి పేజీలోనే గుర్తించాలి.

బుర్రలో పటం ఎలా ఏర్పడుతుంది

1948లో అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ టోల్మన్, ఎలుకలు దారిని మలుపుల వరసగా బట్టీపట్టడంతో ఆగవని, ఆ చోటు మొత్తానికి ఒక మానసిక పటాన్ని తయారు చేసుకుంటాయని ప్రతిపాదించాడు. 1971లో జాన్ ఓకీఫ్, ఎలుక ఒక నిర్దిష్ట స్థలానికి వచ్చినప్పుడు మాత్రమే స్పందించే కణాలను మెదడులోని హిప్పోక్యాంపస్‌లో కనుగొన్నాడు. 2005లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ దంపతులు ఆ పక్క భాగంలో, స్థలాన్ని గళ్లగళ్లుగా కొలుస్తున్నట్టు పనిచేసే గ్రిడ్ కణాలను గుర్తించారు. ఓకీఫ్‌కూ, మోసర్ దంపతులకూ 2014లో నోబెల్ బహుమతి దక్కింది.

ఈ సామర్థ్యం శిక్షణతో పెరుగుతుందనడానికి లండన్ టాక్సీ డ్రైవర్లు సాక్ష్యం. లైసెన్సు కావాలంటే వారు నగరంలోని సుమారు 25,000 వీధులను కంఠతా పట్టాలి. ఇందుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. ఎలినార్ మగ్వైర్ బృందం శిక్షణకు ముందు, తర్వాత అభ్యర్థుల మెదళ్లను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించింది. ఉత్తీర్ణులైనవారిలో హిప్పోక్యాంపస్ వెనుక భాగం పెరిగింది. మధ్యలో మానేసినవారిలో, తప్పినవారిలో ఆ మార్పు లేదు.

దీనికి మరో వైపు కూడా ఉంది. లూయీసా దహ్మానీ, వెరోనిక్ బోబో 2020లో ప్రచురించిన అధ్యయనంలో, జీపీఎస్‌ను ఎక్కువగా వాడిన డ్రైవర్లు స్థల జ్ఞాపకశక్తి పరీక్షల్లో వెనుకబడ్డారు. పరీక్షించినది 50 మందినే కాబట్టి దాన్ని తుది మాటగా తీసుకోలేం. అయినా శిక్షకుడికి అందులో ఒక హెచ్చరిక ఉంది. ‘200 మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి’ అని ఫోను చెబుతుంటే గమ్యం చేరతాం, దారి మాత్రం మనది కాదు.

సీగల్, వైట్ అనే పరిశోధకులు 1975లో ఈ జ్ఞానాన్ని మూడు మెట్లుగా వివరించారు. మొదట ఆనవాళ్లు, తర్వాత వాటిని కలిపే దారులు, చివరగా మొత్తం ప్రాంతాన్ని పైనుంచి చూసినట్టు తెలిసే సమగ్ర చిత్రం. మూడూ ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా రావనీ, కలగలిసి ఎదుగుతాయనీ తర్వాతి పరిశోధనలు చూపాయి. అయినా శిక్షణ వరసకు ఈ విభజన ఇప్పటికీ పనికొస్తుంది.

నీటిని చదవడమే తొలి పాఠం

డెల్టాకు వాలు లేదనుకుంటాం గానీ, ఉంది. అది మీటర్లలో కాక సెంటీమీటర్లలో ఉంటుంది. కంటికి ఆనదు, నీటికి ఆనుతుంది. వరద వచ్చినప్పుడు నది బరువైన ఒండ్రును గట్టు పక్కనే దింపుతుంది, సన్నటి బురదను దూరం మోసుకెళ్తుంది. అందుకే ఏటి ఒడ్డు మెరకగానూ, లోపలికి పోయేకొద్దీ నేల పల్లంగానూ ఉంటుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో పాటు ఆర్థర్ కాటన్ రూపొందించిన కాలువల వ్యవస్థ ఈ వాలు మీదే ఆధారపడింది. పంట కాలువను మెరక వెంట నడిపితే నీరు రెండు వైపులా బోదెల్లోకి దిగుతుంది. చేలల్లో మిగిలిన నీటిని పల్లంలోని మురుగు కోడు అందుకుంటుంది.

ఈ ఒక్క సూత్రం తెలిస్తే కాంటూరు రేఖలు లేని లోటు చాలావరకు తీరుతుంది. గట్ల మధ్య ఎత్తుగా పారేది పంట కాలువ, కాబట్టి మనం మెరక మీదున్నాం. లోతుగా, చేల నీళ్లు వచ్చి పడేది మురుగు కోడు, కాబట్టి మనం పల్లంలో ఉన్నాం. కొబ్బరితోటలు, ఇళ్లు, పుంతలు సాధారణంగా మెరకన ఉంటాయి. వరిచేలు పల్లానికి దిగుతాయి. నేల ఎత్తును ఇక్కడ పైరు చూపిస్తుంది. నీరు పారే వైపు దిగువ. మధ్య డెల్టాలో స్థూలంగా దిగువ అంటే దక్షిణం, ఆగ్నేయం, సముద్రం. బొబ్బర్లంక దగ్గర బయలుదేరిన ప్రధాన కాలువ లొల్ల లాకుల వద్ద చీలి కోనసీమలోకి పోతుంది. ఆ చీలికను ఒక చెట్టు కాండంలా, కొమ్మల్లా కాగితం మీద గీయగలిగిన విద్యార్థికి మానసిక పటంలో వెన్నెముక దొరికినట్టే.

పంచాంగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఆ వారాల్లో పారకం ఉండదు, దిగువ ఏదో నీరు చెప్పదు. అప్పుడు తూము ఏ వైపు తెరుచుకుందో, లాకు తలుపులు ఎటు మూసుకుంటాయో చూసి చెప్పడం నేర్పాలి. సెలవుల్లో శిబిరం పెట్టేవారు ఈ పాఠాన్ని తప్పక చేర్చుకోవాలి.

ఆకాశం, అయస్కాంతం

పుస్తకాల్లోని దిక్కుల సూత్రాలు అన్నిచోట్లా ఒకేలా పనిచేయవు. ‘మధ్యాహ్నపు నీడ ఉత్తరాన్ని చూపుతుంది’ అన్నది వాటిలో ఒకటి. ఆత్రేయపురం సుమారు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదుంది. మే రెండో వారం మొదలుకొని ఆగస్టు తొలి వారం దాకా సూర్యుడు ఈ అక్షాంశానికి ఉత్తరంగా నడుస్తాడు. ఆ రోజుల్లో నడినెత్తి దాటే పొద్దు నీడను దక్షిణానికి వేస్తుంది. పుస్తకాన్ని నమ్మినవాడు సరిగ్గా వరదలు మొదలయ్యే జూలైలో వెనక్కి నడుస్తాడు. కాబట్టి నీడ ఎటు పడిందన్నది వదిలేసి, నీడ కొస ఎటు జరిగిందన్నది నేర్పాలి. కర్ర పాతి నీడ కొసను గుర్తుపెట్టి, పావుగంట ఆగి మళ్లీ గుర్తుపెడితే, మొదటి గుర్తు పడమర, రెండోది తూర్పు. మధ్యాహ్నపు వేళల్లో ఇది ఏ నెలలోనైనా ఇంచుమించు సరిపోతుంది.

ధ్రువనక్షత్రం ఏ ఊళ్లో ఎంత ఎత్తున కనిపిస్తుందో ఆ ఊరి అక్షాంశమే చెబుతుంది. అంటే ఇక్కడ క్షితిజానికి 17 డిగ్రీల ఎత్తు. 50 మీటర్ల దూరంలో 17 మీటర్ల కొబ్బరిచెట్టు నిలబడితే ఆ నక్షత్రం దాని మట్టల చాటుకు పోతుంది. తోటల మధ్య ధ్రువుణ్ని వెతకమనడం కన్నా, ఓరియన్ నడుము మీది మూడు చుక్కలు దాదాపు నేరుగా తూర్పున పొడిచి పడమట అస్తమిస్తాయని చూపించడం మేలు.

ఇక దిక్సూచి. భౌగోళిక ఉత్తరం, అయస్కాంత ఉత్తరం, పటం మీది గ్రిడ్ ఉత్తరం వేర్వేరని, వాటి తేడాలను కూడటమో తీసివేయడమో చేయాలని పాఠాల్లో మొదట్లోనే చెబుతారు. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఈ ప్రాంతంలో అయస్కాంత తేడా ఒక డిగ్రీ దరిదాపుల్లో ఉంటుంది. పటం గ్రిడ్‌కు ఆధారమైన యూటీఎం పద్ధతిలో 44వ మండలపు మధ్యరేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆత్రేయపురం దానికి చేరువలోనే ఉంది కాబట్టి గ్రిడ్ తేడా పావు డిగ్రీ మాత్రమే. ఒక డిగ్రీ పొరపాటు కిలోమీటరు నడకలో 18 మీటర్లకు మించదు. కనుక ఈ లెక్కను ఇక్కడ చివరి వారానికి వాయిదా వేయవచ్చు. కొత్త విషయాలన్నీ ఒకేసారి మీదపడితే బుద్ధి మోయలేదని జాన్ స్వెల్లర్ 1988 నుంచి వివరిస్తూ వచ్చిన సిద్ధాంతం ఈ నిర్ణయానికి బలమిస్తుంది. అంతకన్నా ముందు నేర్పాల్సింది మరొకటి ఉంది. లాకుల ఇనుప తలుపులు, మోటారు షెడ్లు, కరెంటు తీగలు, జేబులోని ఫోను ముల్లును పక్కకు లాగుతాయి. ఇక్కడ పెద్ద పొరపాట్లు వీటివల్లే వస్తాయి.

శిక్షణ అమరిక

మొదటి పని, పటం. 1:50,000 పటంలో ఒక మిల్లీమీటరు 50 మీటర్లు. బోదె, గట్టు, తూము అందులో ఇమడవు. రెవెన్యూ వారి ఎఫ్‌ఎంబీలో (క్షేత్ర కొలతల పుస్తకంలో) ఒక్కో సర్వే నంబరే ఒక్కో బొమ్మ. దారికి కావలసిన విస్తృతి అందులో రాదు. ఈ రెండింటి మధ్య 1:10,000 కొలతలో, సెంటీమీటరుకు 100 మీటర్ల చొప్పున శిక్షణ పటం తయారు చేసుకోవాలి. అడవుల్లో దిక్సూచితో పరుగెత్తే ఓరియెంటీరింగ్ క్రీడలో వాడే పటాల కొలత కూడా ఇంచుమించు ఇదే. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే ‘భువన్’లోని ఉపగ్రహ చిత్రాలు ఇందుకు ఆధారమవుతాయి. కాలువలు, మురుగు కోడులు, పుంతలు, తోటల అంచులు, గుళ్లు ఉంటే చాలు. గీసే పనిలో విద్యార్థులనే భాగస్వాములను చేస్తే, గీయడంలోనే సగం నేర్చుకుంటారు.

రెండో పని, ముందస్తు పరీక్ష. దారి పట్టే శక్తి అందరిలో సమానంగా ఉండదు. తెలియని వీధుల్లో తిప్పి, బయలుదేరిన చోటు ఏ వైపుందో వేలితో చూపమంటే ఎవరు ఎక్కడున్నారో తెలిసిపోతుంది. మన వాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఇంట్లో ఈశాన్యం మూల ఏదో, వాకిలి ఎటు చూస్తుందో ఎరిగిన పిల్లలకు దిక్కులు కొత్త కాదు. ఆ అలవాటును ఊరి పొలిమేర దాటించడమే శిక్షకుడి పని.

మూడో పని, నడక పాఠాల వరస. మొదటి మెట్టులో కాలువ గట్టు వెంట నడుస్తూ పటాన్ని నేలకు సరిపెట్టి పట్టుకోవడం, ఆనవాళ్లను ఒక్కొక్కటిగా గుర్తించడం. రెండో మెట్టులో అడుగుల లెక్క. 100 మీటర్లకు ఎన్ని జంట అడుగులు పడతాయో ఎవరికి వారు గట్టు మీద, తడిచేలో విడివిడిగా కొలుచుకోవాలి. రెండూ ఒకటి కావు. మూడో మెట్టులో గట్టును వదిలి, చేలకు అడ్డంపడి, దిక్సూచి చూపే కోణం (బేరింగ్) పట్టుకుని నడవడం.

ఈ మూడో మెట్టులో ఒక అభ్యాసాన్ని దగ్గరగా చూద్దాం. 800 మీటర్ల దూరంలో కాలువ, దాని మీద ఒక తూము. గమ్యం ఆ తూమే. నడకలో 5 డిగ్రీల తప్పు సహజం, దానివల్ల కాలువ దగ్గరకు చేరేసరికి 70 మీటర్లు అటో ఇటో తేలుతాం. నేరుగా తూముకే గురిపెట్టినవాడు కాలువ ఒడ్డున నిలబడి, తూము ఎగువనుందో దిగువనుందో తెలియక రెండు వైపులా తిరుగుతాడు. తెలివైనవాడు కావాలనే 100 మీటర్లు ఎగువకు గురిపెడతాడు. కాలువ తగలగానే పారకం వెంట తిరిగితే తూము దొరికి తీరుతుంది. తెలిసిన వైపుకు తప్పడం అన్న ఈ కిటుకు ఏ దేశపు శిక్షణలోనైనా ఉంటుంది. డెల్టాలో అయితే ఎటు తిరగాలో నీరే చెబుతుంది. అంతేకాదు, దారిలో ఏ కాలువ అడ్డం తగిలితే గమ్యం దాటిపోయినట్టో బయలుదేరే ముందే రాసుకోవాలి.

నాలుగో పని, దిద్దుబాటు ఎప్పుడు జరగాలన్నది. అడుగడుగునా తప్పు సరిచేస్తే అభ్యాసం బాగా సాగినట్టు కనిపిస్తుంది, ఒంటరిగా వదిలితే నైపుణ్యం నిలవదు. శారీరక నైపుణ్యాల మీద సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ 1984లో చేసిన సమీక్ష చెప్పింది ఇదే. అందుకని ఫోనును శత్రువుగా చూడక, దాన్ని జేబులో పెట్టి, తెర ఆపేసి, నడిచిన జాడను మాత్రం నమోదు చేయించాలి. తిరిగొచ్చాక ముందు విద్యార్థి తాను నడిచానని అనుకున్న దారిని పటం మీద గీయాలి. తర్వాత ఫోను నమోదు చేసిన జాడను దాని మీద పరచాలి. రెండు గీతలు ఎక్కడ విడిపోయాయో, ఆ చోట ఏ ఆనవాలును ఏదనుకున్నాడో మాట్లాడించాలి. సగటు తప్పుల పట్టిక కన్నా ఈ సంభాషణ విలువైనది.

తెర మీద నేర్పగలమా

వర్చువల్ రియాలిటీ పరికరాలు చవకవుతున్న కొద్దీ, నేల మీదికి పోకుండానే నేర్పవచ్చన్న ఆశ కలగడం సహజం. అమెరికాలో రూడాల్ఫ్ డార్కెన్, విలియం బ్యాంకర్ 1998లో దీన్ని పరీక్షించారు. కాలిఫోర్నియాలోని ఒక నిజమైన నేలకు కంప్యూటర్ నమూనా చేసి, కొందరికి పటంతో, కొందరికి నమూనాతో, కొందరికి అసలు నేల మీదే సాధన చేయించారు. సాధన పద్ధతి కన్నా మనిషి ముందున్న నైపుణ్య స్థాయే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించింది. ముందస్తు పరీక్ష అవసరాన్ని ఇది మరోసారి గుర్తుచేస్తుంది. భవనాల లోపలి దారుల మీద విట్మర్ బృందం 1996లో చేసిన ప్రయోగంలో, నమూనాలో నేర్చినవారు అసలు భవనంలో నేర్చినవారి కన్నా ఎక్కువ తప్పులు చేశారు, మాటల్లో విని నేర్చినవారి కన్నా తక్కువ.

కాబట్టి తెరకు దాని చోటు దానికి ఇవ్వాలి. నేల మీదికి పోయే ముందు రోజు దారిని ఊహించుకోవడానికి, ప్రమాదమైనందున నిజంగా చూపలేని పరిస్థితిని చూపడానికి అది పనికొస్తుంది. కోనసీమలో అలాంటి పరిస్థితి ఒకటి ఉంది.

వరద పెట్టే పరీక్ష

1986 ఆగస్టు 16న ధవళేశ్వరం వద్ద గోదావరి ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. 17 లక్షల దగ్గరే మూడో ప్రమాద హెచ్చరిక ఎగురుతుంది. అలాంటప్పుడు లంకల్లో కాలువ, బోదె, పుంత, గట్టు అన్నీ ఒకే నీటి కింద కలిసిపోతాయి. పైన చెప్పిన తొలి పాఠం మొత్తం మునిగిపోతుంది. పొరుగు జిల్లాల నుంచి వచ్చిన సహాయక బృందం పడవ నడపగలదు, ఏ నీటి కింద రోడ్డుందో, ఏ నీటి కింద కోడుందో దానికి తెలియదు. కరెంటు పోయి టవర్లు ఆగితే ఫోనులోని పటం కూడా దిగదు. ముందే దింపుకోకపోతే, ఉపగ్రహ సంకేతం అందినా తెర మీద ఖాళీ గళ్లే మిగులుతాయి.

అందుకే శిక్షణలో ఆఖరి మెట్టు పటంలోంచి నీటి గీతలను తీసేయడం. వరదలోనూ పైకి కనిపించేవే మిగిల్చిన రెండో పటం ఇవ్వాలి. గోపురాలు, ట్యాంకులు, టవర్లు, వంతెన గోడలు, కరెంటు స్తంభాల వరసలు, ఏటిగట్టు. వీటిలో రెండింటికి బేరింగ్ తీసి, ఆ గీతలు పటం మీద ఎక్కడ కలుస్తాయో చూసి తామెక్కడున్నారో చెప్పడం నేర్పాలి. కొబ్బరితోట అంచులో నిలబడి పొడి నేల మీద దీన్ని సాధన చేయవచ్చు. మునిగిన దృశ్యాన్ని మాత్రం తెర మీద చూపాలి.

ఇందుకు కొత్త సంస్థలు అక్కర్లేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘ఆపద మిత్ర’ పథకాన్ని 350 జిల్లాల్లో లక్ష మంది వాలంటీర్లను తయారు చేసే లక్ష్యంతో విస్తరించింది. కళాశాలల్లో ఎన్‌సీసీ ఉంది. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో ఉపగ్రహ సంకేతాలతో కొలిచే రోవర్ పట్టుకుని ఊరి ప్రతి గట్టూ తిరిగిన గ్రామ సర్వేయర్లు ఉన్నారు. నేలను వారికన్నా దగ్గరగా ఎరిగిన ఉద్యోగులు తక్కువ. ఈ ముగ్గురినీ ఒక శిబిరంలో కలిపితే శిక్షకులు, విద్యార్థులు, అవసరం ఒకచోట చేరతాయి.

ఫలితాన్ని ఎలా కొలవాలన్నది చివరి ప్రశ్న. శిబిరం ముగిసిన రోజున, అలవాటైన చేలల్లో పెట్టే పరీక్ష చాలదు. సాధన సాఫీగా సాగడం వేరు, నేర్చినది నిలవడం వేరని రాబర్ట్ బ్యోర్క్ పరిశోధనలు చెబుతున్నాయి. రెండు నెలలు గడిచాక, ముందెన్నడూ చూడని మండలంలో, ఫోను లేకుండా ఒకసారి పరీక్షించాలి. తర్వాత అదే జట్టును మారేడుమిల్లి మన్యానికి తీసుకెళ్లి, కాంటూరు రేఖలున్న పటాన్ని తొలిసారి చేతికివ్వాలి. నీటి వాలును చదవడం వచ్చినవాడికి లోయ అంటే నీరు చేరే చోటని, శిఖరాల వరస అంటే నీరు విడిపోయే గీతని చెబితే చాలు. పుస్తకం మొదట చెప్పిన పాఠం అక్కడ చివర వస్తుంది, అర్థమై వస్తుంది. డెల్టా పిల్లలకు ఇది వెనుకబాటు కాదు. వారి నేలకు తగిన వరస ఇదే.